తప్పును పట్టే లెక్క

మన బడిలో ప్రార్థన అయ్యాక డ్రిల్లు మాస్టారు మమ్మల్ని జంటలుగా నిలబెట్టేవారు. ఒకడు ఎగ్గొడితే ఇంకొకడు ఒంటరిగా మిగిలేవాడు, వెంటనే దొరికిపోయేవాళ్లం. ఇద్దరు కలిసి గోడ దూకితే మాత్రం లెక్క సరిపోయేది! కంప్యూటరు రంగంలోకి వచ్చాక ఈ పద్ధతినే ‘పారిటీ’ అంటారని తెలిసింది. మెమరీలోని సున్నాలు, ఒకట్ల పక్కన ఇంకో బిట్ చేర్చి, ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేలా చూస్తారు. బేసి వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టు. ఎక్కడన్నది మాత్రం తెలియదు.

1940లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త వారాంతాల్లో రిలే కంప్యూటరుకు లెక్కలు అప్పగించి వెళ్లేవాడు. తప్పు కనబడితే ఆ యంత్రం ఆ లెక్క వదిలేసి తర్వాతిది మొదలుపెట్టేది. సోమవారం వచ్చి చూస్తే జవాబు ఉండేది కాదు. తప్పుందని తెలిసిన యంత్రం దాన్ని దిద్దుకోలేదా అని ఆయనకు విసుగొచ్చింది. బిట్లను ఒకదానితో ఒకటి కలిసే గుంపులుగా చేసి, గుంపుకో పారిటీ పెట్టాడు. ఏయే గుంపుల్లో లెక్క తప్పిందో చూస్తే చెడిన బిట్ తేలిపోతుంది. 1950లో ప్రచురించిన ఈ పద్ధతే నేటి ఈసీసీ మెమరీకి పునాది. 64 బిట్లకు 8 బిట్లు అదనంగా పెడితే ఒక తప్పును దిద్దుతుంది, రెండు తప్పులను పసిగడుతుంది.

1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు వచ్చిన మొదటి క్రే-1 సూపర్ కంప్యూటరులో పారిటీ మాత్రమే ఉండేది. ఆరు నెలల్లో 152 మెమరీ తప్పులు బయటపడ్డాయి. తర్వాతి క్రే-1లలో దిద్దుబాటు ఏర్పాటు చేర్చారు. 2003లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1100 యాపిల్ జీ5 కంప్యూటర్లను కలిపి ప్రపంచంలో మూడో స్థానం సాధించింది. వాటిలో ఈసీసీ లేదు. మరుసటి ఏడే అన్నిటినీ ఈసీసీ ఉన్న యంత్రాలతో మార్చారు. 2009లో గూగుల్ సర్వర్లపై వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి.

ఇదంతా నేను ఆలస్యంగా చదివాను. అంతకుముందు మేము కట్టుకున్న ఒక చిన్న క్లస్టరుకు, ఖర్చు తగ్గుతుందని ఈసీసీ లేని మెమరీ కొన్నాం. ఆమోదించిన సంతకం నాదే. కొన్ని నెలలకు ఒక వంతెన లెక్క రెండుసార్లు నడిపితే రెండు జవాబులు వచ్చాయి. యంత్రం ఆగలేదు, హెచ్చరిక రాలేదు. జవాబు ముందే తెలిసిన లెక్కను ఒక్కో కంప్యూటరుకు విడివిడిగా ఇచ్చాం. ఒకటి తప్పు చెప్పింది. దాని మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా వేరే కంప్యూటరులోకి మార్చాం. ఒక మాడ్యూలుతో పాటే తప్పూ వెళ్లింది. దొంగ దొరికింది. కానీ అప్పటికే ఒక నివేదిక పంపేసి ఉన్నాం. ఫోన్ చేసి విషయం చెప్పి, పాత లెక్కలన్నీ మళ్లీ చేశాం. అదృష్టవశాత్తు ఆ నివేదికలోని అంకెలు మారలేదు. ఆ వారం రోజులూ నాకు నిద్ర లేదు.

మాస్టారు ఒకరోజు జంటలు సరిగ్గా ఉన్నా ఊరుకోకుండా, హాజరుపట్టీ తెప్పించి ఒక్కొక్క పేరూ పిలిచారు. ఆ రోజు గోడ దూకిన ఇద్దరిలో నేనొకణ్ణి. మరునాడు తిన్న దెబ్బల విలువ ఆ క్లస్టరు ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.