పొరుగువాని ఇంటి గడప

మన పల్లెలలో తాటాకుటిల్లు కప్పు దినము ఒక చిన్న పండుగవంటిది. ఆకు కొట్టించుట, ఎండబెట్టుట ఇంటివాని పని. కప్పు దినమున మాత్రము ఇరుగుపొరుగువారు నిచ్చెనలు వేసికొని వచ్చెడివారు. ఒకడు వాసముల మీద కూర్చుండి కట్టు కట్టును. మరియొకడు క్రిందినుండి ఆకు అందించును. అచట కూలి ప్రసక్తి లేదు. మధ్యాహ్నము అందరికిని భోజనము, ఆపై ఎల్లుండి వారి ఇంటి కప్పునకు మనము పోవలెనను ఎరుక, అంతియే. ఈ బదులు పనికి పత్రములు లేవు, సాక్షులు లేరు. అయినను మాట తప్పినవానిని ఊరు మరచెడిది కాదు.

సముద్రములకు ఆవల అమెరికాలోను ఇట్టి ఆచారమే ఉండెను. రైతు కొత్తగా కొట్టము కట్టుకొనునపుడు, ఒక్క కుటుంబము ఎత్తలేని దూలముల చట్రములను ఊరివారందరు త్రాళ్లతోను గడలతోను లేపి నిలిపెడివారు. పెన్సిల్వేనియా, ఓహాయో ప్రాంతములందలి ఆమిష్ శాఖీయులు నేటికిని ఈ పద్ధతిని విడువలేదు.

అయితే ఈ రెండు ఆచారములలోను ఒక లోటు కలదు. బదులు తీర్చగలవానికే బదులు దొరకును. నిచ్చెన ఎక్కలేని ముసలమ్మ ఇంటిని ఎవరు కప్పవలెను? కాలు చచ్చుబడినవాడు ఎవరి వాసములు మోయగలడు? అంతకన్న కష్టమైన ప్రశ్న ఇంకొకటి కలదు. ఎవరి ఇంట మనము విస్తరి వేసికొనమో, వారి ఇంటి కప్పునకు మన చేయి పోవునా? పొరుగువాడనగా ఎవడు అను ప్రశ్న ఇచటనే పుట్టుచున్నది. గత శతాబ్దమున అమెరికాలో కొందరు ఈ ప్రశ్నతో సుత్తియు రంపమును పట్టుకొని పెనుగులాడిరి. ఆ కథను కొంత చెప్పదలచితిమి.

1942లో జార్జియా రాష్ట్రమున, అమెరికస్ అను చిన్న పట్టణమునకు సమీపమున, క్లారెన్స్ జోర్డన్ అను ఆయన మిత్రునితో కలసి 440 ఎకరముల భూమిని సంపాదించి ఒక సమష్టి క్షేత్రమును నెలకొల్పెను. దానికి కొయినోనియా అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు సహజీవనము, పంచుకొనుట అని అర్థము. జోర్డన్ మొదట వ్యవసాయశాస్త్రమును, తరువాత గ్రీకు భాషను అభ్యసించినవాడు. గ్రీకు మూలమునుండి క్రొత్త నిబంధన గ్రంథములను ప్రత్తిచేల రైతులు మాటాడు వాడుక పలుకులోనికి దింపినవాడు. భాష విషయమున మనము పడిన వాదములు ఎరిగినవారికి ఈ పని వింతగా తోపదు.

ఆ క్షేత్రమున నల్లవారును తెల్లవారును ఒకే పంక్తిని భోజనము చేసిరి. పనికి ఒకే కూలి పుచ్చుకొనిరి. ఆ కాలపు జార్జియాలో ఇంతకు మించిన అపరాధము లేదు. 1950 తరువాతి సంవత్సరములలో చుట్టుప్రక్కల వర్తకులు వారికి విత్తనములు, ఎరువులు అమ్ముట మానిరి. రాత్రివేళ ఇండ్లమీద తుపాకులు ప్రేలినవి. బాటప్రక్కనున్న వారి దుకాణము డైనమైటు దెబ్బకు ఎగిరిపోయినది. దగ్గర సంతలన్నియు మూతపడగా, వారు పీకన్ పప్పులను తపాలా ద్వారా దూరదేశములకు అమ్మి బ్రతికిరి. జార్జియానుండి ఈ పప్పులను తరలించుటకు తోడ్పడుడని వారు ప్రకటన వేసిరి. ఆంగ్లమున ఆ మాటకు పిచ్చివారు అని కూడ అర్థము కలదు. తుపాకిగుండ్ల నడుమ ఈపాటి హాస్యము నిలువగలుగుట సామాన్యము కాదు.

ఆ క్షేత్రము చుట్టును బీదలైన నల్ల కూలీలు నివసించు గుడిసెలు ఉండెడివి. గోడ పలకల నడుమనుండి గాలి వీచును, కుళాయి లేదు, చలికి కాపుదల లేదు. 1965లో మిలర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది దంపతులు ఆ క్షేత్రమునకు వచ్చిరి. ఆయన అలబామాలో వ్యాపారము చేసి ముప్పదియేండ్లు నిండకమున్నే లక్షాధికారియై, ఆ ధనమువలన సంసారము చెడుచున్నదని గ్రహించి, ఆస్తిని దానము చేసిన మనుష్యుడు. 1968లో ఆయనయు జోర్డనును కలసి ఒక యోచన చేసిరి. క్షేత్రమున ఒక భాగమును అర ఎకరము చొప్పున 42 స్థలములుగా విభజించిరి. అచట ఇండ్లు కట్టించి లాభము లేకుండ, వడ్డీ లేకుండ బీదలకు అమ్ముట. ఇల్లు కొనువారు ఆ కట్టుబడిలో తామును చెమటోడ్చుట. వారు తీర్చు వాయిదాల సొమ్ముతో తరువాతి ఇంటికి పునాది త్రవ్వుట. ఇదియే ఆ యోచన. అప్పు, వడ్డీ అను మాటలకు మన రైతుబిడ్డ ఎంత బెదరునో ఎరిగినవారికి ఈ యోచనలోని మేలు వేరుగ చెప్పనక్కరలేదు.

జోర్డన్ మొదటి ఇల్లు పూర్తియగుట చూడలేదు. 1969 అక్టోబరు 29వ తేదీన ఆయన హఠాత్తుగా మరణించెను. సాదా కొయ్యపెట్టెలో నుంచి ఆ క్షేత్రముననే పాతిపెట్టిరి. ఫుల్లర్ దంపతులు 1973లో ఆఫ్రికాలోని జయీరు దేశమునకు, అనగా నేటి కాంగోకు పోయి, ఇదే పద్ధతిని అచట పరీక్షించిరి. తిరిగివచ్చిన పిదప 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించిరి. 1984లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ న్యూయార్కు నగరమున శిథిలమైన ఆరంతస్తుల భవనమును 19 కుటుంబములకై బాగుచేయుటకు స్వయముగా వడ్రంగి పనిముట్లు పట్టెను. ఆయన స్వగ్రామమగు ప్లెయిన్స్, అమెరికస్ పట్టణమునకు కొద్ది మైళ్ల దూరముననే యున్నది. ఒకప్పుడు ఆ ప్రాంతమే బహిష్కరించిన క్షేత్రపు ఆలోచన ఈ విధముగ లోకమునకు తెలిసినది.

దీనికి తెలుగుగడ్డతోను సంబంధము కలదు. ఆ సంస్థ భారతదేశమున తన పనిని ప్రారంభించినది 1983లో, ఖమ్మమునందు. 2006లో కార్టర్ దంపతులు మహారాష్ట్రలోని లోనావాలా సమీపమునకు వచ్చి, నూరు ఇండ్ల నిర్మాణమున స్వచ్ఛంద సేవకులతో కలసి పనిచేసిరి. అప్పటికి ఆయన ఎనుబదియేండ్లు దాటినవాడు.

ఇంతవరకు కొత్త ఇండ్ల మాట. కాని బీదవారిలో పెక్కుమందికి కావలసినది కొత్త ఇల్లు కాదు; ఉన్న ఇల్లు కూలకుండుట. చెమటోడ్చి వాటా తీర్చుమనినచో, చెమటోడ్చలేని ముదుసలికి ఈ పద్ధతియు అందదు. బదులు పనిలోని పాత లోటు ఇచట మరల తలయెత్తినది.

1973లో టెక్సాస్ రాష్ట్రమందలి మిడ్లాండ్ అను చమురు పట్టణమున కొందరు చర్చి సభ్యులు ఏప్రిలు నెలలో ఒక దినమును ఏర్పరచుకొని, బీదలును వృద్ధులునగు పొరుగువారి ఇండ్లను ఉచితముగ మరమ్మతు చేయబూనిరి. కారుచున్న కప్పు, పుచ్చిన మెట్లు, పాడైన కుళాయి, పెచ్చులూడిన గోడ, ఇవి వారి పని. ఇల్లు బాగైన ఒకరు, ఏప్రిలులోనే క్రిస్మస్ వచ్చినట్లున్నదని సంతోషించిరట. మనమైనచో వేసవిలో సంక్రాంతి వచ్చినదందుము. ఆ మాటయే ఆ ఉద్యమమునకు పేరైనది. ఏటేట ఇతర నగరములకు వ్యాపించి, 1988లో అది దేశవ్యాప్త సంస్థగ రూపొందెను. తరువాత రీబిల్డింగ్ టుగెదర్ అని పేరు మార్చుకొనెను.

ఇట్టి పనులలో ఒక చిక్కు కలదని చెప్పక తప్పదు. గోడకు రంగు వేయుటకు ఎందరైనను వత్తురు. ఛాయాచిత్రమున రంగు చక్కగ కనబడును. కప్పు ఎక్కుటకు, నేలక్రింద దూరి పుచ్చిన దుంగను మార్చుటకు పనివాడు కావలెను. అందుచేత చేతిపని తెలిసిన వడ్రంగులు, విద్యుత్తు పనివారు తమ సెలవుదినమును ఇచ్చిననే గాని ఈ సేవ నిలువదు. ఔదార్యము ఎంత యున్నను మేకు వంకర పోవునపుడు అది అక్కరకు రాదు.

ఇక మెట్ల మాట. రెండవ ప్రపంచ యుద్ధమున నడుము చచ్చుబడిన సైనికులకై 1948లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసి, వారికి అనువగు ఇంటికి పదివేల డాలర్లవరకు సాయమిచ్చెను. ఆ సంవత్సరముననే టిమొతి న్యూజెంట్ అను ఆయన ఇల్లినాయి విశ్వవిద్యాలయమున చక్రాల కుర్చీ విద్యార్థులకై ఒక శాఖ ప్రారంభించెను. వారు తరగతికి పోవుటకే దారి లేకపోగా వాలుబాటలు కట్టించి, ఎంత వాలు ఉన్నచో మనుష్యుడు తన చేతులతో కుర్చీని నడుపుకొనగలడో పరీక్షింపించెను. ఆ కృషి ఫలితముగ 1961లో అమెరికాలో మొదటి ప్రమాణము వెలువడెను. అంగుళము ఎత్తునకు పండ్రెండంగుళముల పొడవు అనునది అందలి ముఖ్య సూత్రము.

ఈ సూత్రమును శ్రోతలు తమ ఇంటికి అన్వయించి చూడవచ్చును. వాకిట ఏడేసి అంగుళముల మెట్లు మూడున్నచో ఎత్తు ఇరువదియొక్క అంగుళములు. వాలుబాట పొడవు ఇరువదియొక్క అడుగులు. పైన తలుపు ముందు కుర్చీ మసలుటకు అయిదడుగుల చదును కావలెను. ఇరువైపుల పట్టుకొనుటకు కమ్మీలు, చక్రము జారకుండ అంచులు కావలెను. వాలు హెచ్చించి పొడవు తగ్గించినచో ఎక్కునపుడు కుర్చీ వెనుకకు బోర్లపడును. దిగునపుడు చేతులలో నిలువదు. కనుక మూడు మెట్ల ఇల్లు కూడ చిన్న విషయము కాదు. అమెరికాలో వృద్ధుల వైద్యమునకు ఏర్పడిన మెడికేర్ పథకము అవసరమును బట్టి చక్రాల కుర్చీకి సొమ్మిచ్చును గాని, ఆ కుర్చీ ఇల్లు దాటుటకు వలయు బాటకు ఈయదు. కుర్చీ ఉండియు ఇంటిలోనే బందీ యగుట ఇందువలననే.

1985లో డల్లాస్ నగరము ప్రక్కనున్న రిచర్డ్‌సన్ పట్టణపు కివానిస్ సంఘమువారు ఈ పనిని చేపట్టిరి. 2006లో అది టెక్సాస్ రాష్ట్రమంతటికిని వర్తించు సంస్థ యైనది. కొయ్య భాగములను ముందుగనే కోసి బిగించి ఉంచుకొని, సెలవునాటి ఉదయమున ఇంటికి తెచ్చి కూర్చుదురు. బాట అవసరము తీరిన పిమ్మట విప్పి మరియొక ఇంటికి తరలింపవచ్చును.

అట్లాంటా నగరమున ఎలియనోర్ స్మిత్ అను వనిత ఇంకొక సంగతి పట్టుకొనెను. ఆమె పసితనమున పోలియో సోకి చక్రాల కుర్చీలో సంచరించునది. మంచి మనసుతో బీదలకు కట్టుచున్న కొత్త ఇండ్లకు సయితము మెట్లు పెట్టుచున్నారే, కట్టిన పిదప వాలుబాటకై తిరుగుటకంటె కట్టునపుడే ఒక ద్వారము మెట్టు లేకుండ పెట్టినచో పోదా అని ఆమె ప్రశ్న. 1987లో ఆమె మిత్రులతో ఒక సంఘము స్థాపించి మూడే కోరికలు కోరెను: మెట్టు లేని ప్రవేశము ఒకటి, కుర్చీ పట్టునంత వెడల్పు తలుపులు, క్రింది అంతస్తున దూరగల స్నానపుగది. అట్లాంటాలోని హాబిటాట్ శాఖవారు ఆమె మాట ఆలకించి ఆ తీరున ఇండ్లు కట్టిరి. 1992లో ఆ నగరము, ప్రభుత్వ సాయము పొందు కొత్త ఇండ్లకు ఇట్టి నియమమును విధించెను. అంగవికలుడు తన ఇంట వసించుటయే చాలదు, పొరుగింటికి పేరంటమునకును పోగలుగవలెనని ఆమె వాదము. ఈ కథ అంతటిలోను మాకు మిక్కిలి నచ్చినది ఈ మాట.

మన ఇండ్లలో అరుగులు ఎత్తు, గడపలు ఎత్తు. శుక్రవారము పసుపు పూసి, బొట్టు పెట్టు గడపను తీసివేయుమని ఏ ఇల్లాలికి చెప్పగలము? మా వీధిలో పక్షవాతము తగిలిన ముసలమ్మ ఒకరు రెండేండ్లు నడవా దాటి ఎరుగరు. గడప కోయింతుమని మనుమలు అనగా ఆమెయే ఒప్పుకొనలేదు. గడప ఎత్తు నాలుగంగుళములు. పొరుగుననున్న వడ్రంగి ఒక ఆదివారము వచ్చి, లోపల నాలుగడుగుల బల్ల, బయట నాలుగడుగుల బల్ల చెక్కి, గడపను ముట్టకుండ దానికి ఇరువైపుల ఆనించెను. రాత్రి తలుపు వేయునపుడు లోపలి బల్లను తీసి గోడకు చేర్చుదురు. చెక్క వెల తప్ప ఆయన మరేమియు పుచ్చుకొనలేదు. ఆ సాయంకాలము ముసలమ్మ కుర్చీ వీధి అరుగు మీదికి వచ్చినది.