గుంటూరు జిల్లాలో ఒక లెక్క

గుంటూరు మిర్చి యార్డులో ఒక్క కొట్టును చూచి జిల్లా పంటలో తాలుకాయ ఎంతయో చెప్పవచ్చునా? ఆ కొట్టు తాలుకాయనే కొనునదైనచో రైతులందరు తమ తాలును అచటికే తోలుదురు. చూచినవాడు పంట సగము చెడినదని వ్రాసికొనును. మన దేశపు హెచ్.ఐ.వి. లెక్కలలో ఇటువంటి పొరపాటే కొన్నేండ్లు సాగినది.

అప్పటి పద్ధతి ఇది. ఏటేట ప్రభుత్వాసుపత్రులకు వచ్చు గర్భిణీ స్త్రీల రక్తమును, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చువారి రక్తమును పరీక్షించి, దానినుండి జనులందరికిని లెక్క కట్టుచుండిరి. వ్యాధి పెరుగుచున్నదా, తగ్గుచున్నదా యని తెలిసికొనుటకు ఇది పనికివచ్చును. రోగుల మొత్తము సంఖ్యకు పనికిరాదు.

ఈ సంగతి తేల్చినవారిలో ముఖ్యులు డాక్టర్ లలిత్ దండోనా. వీరు మొదట కంటి వైద్యరంగమున పనిచేసిరి. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 నడుమ ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా జనులను పరీక్షించినప్పుడు, ఆసుపత్రి గడప త్రొక్కని అంధులను లెక్కించు విద్య వీరికి అలవడినది. తరువాత హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీనుండి అదే పద్ధతిని హెచ్.ఐ.వి.కి వర్తింపజేసిరి.

2004-05లో నాటి ఉమ్మడి గుంటూరు జిల్లాలో 66 చోట్ల, 15 నుండి 49 ఏండ్ల వయసువారిని కలిసికొనిరి. 12,617 మంది రక్తమిచ్చిరి. పిలిచినవారిలో నూటికి తొంబది మందికి పైగా ఒప్పుకొనిరన్నమాట. ఈ వ్యాధి పేరు చెప్పుటకే జంకు రోజులలో అది చిన్న విషయము కాదు. నూటికి 1.72 మందికి వ్యాధి క్రిములు సోకినట్లు తేలెను. జీవన ప్రమాణము తక్కువగా నున్న సగములో 2.58, ఎక్కువగా నున్న సగములో 1.20.

పాత పద్ధతి ప్రకారము జిల్లాలో రోగులు 1,12,000కు పైగా ఉండవలెను. ఇంటింటి లెక్కలో సుమారు 46,000 మందియే. ఇంత తేడా ఎట్లు వచ్చినది? ప్రైవేటు వైద్యులు అనుమానమున్న వారిని ప్రభుత్వాసుపత్రికి పంపుచుండిరి. వ్యాధి ఎక్కువగా నున్న పేదలు ఎటూ అచటికే పోవుదురు. సుఖవ్యాధుల క్లినిక్కుల లెక్క అనవసరముగా దానికి కలిసెను. తాలుకాయ కొట్టు ఇదియే.

లెక్క తప్పినచో నష్టమేమి? మందు లేనిచో, సోకిన తల్లులకు పుట్టిన శిశువులలో నూటికి 15 నుండి 45 మందికి వ్యాధి అంటును. ఎందరు తల్లులకు మందు కావలెనో, ఎందరు ఇంకను దొరకలేదో చెప్పునది ఆ సంఖ్యయే. అంకె ఉబ్బినచో, లేని రోగులకై వెదకుచు ఉన్నవారిని మరచుటయు జరుగును.

ఈ పరిశోధన 2006 డిసెంబరులో వెలువడెను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షకు పైగా జనుల రక్తపరీక్షలును జరుగగా, 2007 జూలైలో దేశపు అంచనా అరువది లక్షలకు చేరువనుండి ఇరువదియైదు లక్షలకు దిగినది. తగ్గినదని గుంటూరు ఊరడిల్లుటకు వీలు లేకుండెను. దేశములో వయోజనుల సగటు నూటికి 0.36, ఇచటి అంకె దానికి దాదాపు ఐదురెట్లు.