పడవలో జనరేటరు, గదిలో విషవాయువు: నూరేళ్లకు పైబడిన ఒక పాఠం



రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బుల గురించి చదవడానికి ఇక్కడికి వచ్చే మీకు ఈ శీర్షిక కొంత వింతగా తోచవచ్చు. విహారపడవలకూ వైద్యానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. పాశ్చాత్య దేశాలలో చిన్న పడవలమీద కుటుంబసమేతంగా రోజుల తరబడి విహరించే అలవాటు ఉన్నది. ఆ పడవలలోకి చేతితో మోయగల జనరేటరు వచ్చిన తరువాత, రంగు లేని, వాసన లేని ఒక వాయువు ఎందరో ఆరోగ్యవంతుల ప్రాణాలను నిమిషాలలో హరించింది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరును ఆశ్రయించే మనకు ఆ చరిత్రలో నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

ఒకే సంవత్సరం, రెండు ప్రయాణాలు

1895 ఏప్రిల్‌లో జాషువా స్లోకమ్ అనే నావికుడు అమెరికాలోని బోస్టన్ నుంచి సుమారు 37 అడుగుల తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరాడు. 1898లో తిరిగివచ్చేసరికి, ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి నావికుడయ్యాడు. ఆయన పడవలో ఇంజను లేదు, విద్యుత్తు లేదు. రెండు వత్తుల దీపం ఒకటి రాత్రి వెలుగునిచ్చేది. పగలు దానిమీద మూత అమర్చి పొయ్యిగా వాడుకునేవాడు. ఒక చిన్న పడవకు కావలసిన శక్తి అంతా ఆ దీపంలోనే ఉండేది.

సరిగ్గా ఆ సంవత్సరమే జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త తన శరీరంమీదనే ప్రయోగం చేసుకున్నాడు. కార్బన్ మోనాక్సైడును కొలిచి, పీల్చి, తన రక్తంలో అది ఎంత చేరితే ఏయే లక్షణాలు కనిపిస్తాయో నమోదు చేశాడు. రక్తం సగానికి మించి ఆ వాయువుతో నిండేసరికి ఆయన కాళ్లు పట్టుతప్పాయి. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు సంభవించి 57 మంది మరణించారు. వారిలో ఎక్కువమందిని చంపినది పేలుడు కాదనీ, దాని తరువాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడు అనీ హాల్డేన్ నిరూపించాడు. గనులలోకి చిన్న ప్రాణులను వెంట తీసుకువెళ్లమని సూచించినవాడూ ఆయనే. చిన్న ప్రాణి వేగంగా శ్వాసిస్తుంది కనుక మనిషికంటె ముందుగా సొమ్మసిల్లి, ప్రమాదాన్ని తెలుపుతుంది. పంజరంలోని కెనరీ పిట్టలు 1986 వరకు బ్రిటిష్ గనులలో ఈ కొలువు చేశాయి.

ఈ వాయువు చంపే విధానం అంతకు ముందే తెలుసు. 1850లలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ దానిని వివరించాడు. రక్తంలోని హిమోగ్లోబిన్ పని ప్రాణవాయువును మోసుకుపోవడం. కార్బన్ మోనాక్సైడుకు హిమోగ్లోబిన్‌మీద ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా ఎక్కువ ఆకర్షణ ఉన్నది. అది వచ్చి పీట వేసుకుని కూర్చుంటే ప్రాణవాయువుకు చోటుండదు. ఊపిరితిత్తులు పనిచేస్తూనే ఉంటాయి, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. మెదడుకు మాత్రం ప్రాణవాయువు అందదు. స్లోకమ్ సముద్రంమీద ఉన్న నాటికే వైద్యశాస్త్రానికి ఇదంతా తెలుసునన్నమాట. తరువాతి మరణాలకు కారణం శాస్త్రం లేకపోవడం కాదు. తెలిసిన దానిని పడవ దాకా తీసుకుపోకపోవడం.

చేతిలో ఇమిడిన విద్యుత్కేంద్రం

ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ చిన్న పడవలలోకి రేడియో, విద్యుద్దీపాలు, ఫ్రిజ్, హీటరు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వీటన్నిటికీ బ్యాటరీలు చాలలేదు. పెద్ద పడవలు డీజిలు జనరేటరును శాశ్వతంగా బిగించుకోగలవు. చిన్న పడవకు అంత చోటు లేదు, యజమానికి అంత స్థోమత లేదు. 1965లో జపాన్‌కు చెందిన హోండా సంస్థ ఈ300 అనే చిన్న జనరేటరును విడుదల చేసింది. ఇన్వర్టర్ పరిజ్ఞానం తోడైన తరువాత ఈ యంత్రాలు మరింత తేలికయ్యాయి, చప్పుడు తగ్గింది. వెయ్యి వాట్ల యంత్రం సుమారు 13 కిలోల బరువుతో, ఒంటిచేత్తో ఎత్తగలిగేటట్లు తయారయింది.

ఆ సౌలభ్యంలోనే ప్రమాదం పొంచి ఉన్నది. చప్పుడు ఎక్కువగా ఉన్న యంత్రాన్ని ఎవరైనా దూరంగా పెడతారు. చప్పుడు తగ్గిన యంత్రాన్ని దగ్గరకు తెచ్చుకుంటారు. వాన, ఉప్పునీటి తుంపర, దొంగల భయం, పక్క పడవవారి సణుగుడు అన్నీ కలిసి దానిని మెల్లగా లోపలికి తోస్తాయి.

ఈ చిన్న పెట్రోలు యంత్రాల పొగలో కార్బన్ మోనాక్సైడు చాలా ఎక్కువ. 1975 ప్రాంతంనుంచి అమెరికా కార్లలో ఆ వాయువును తగ్గించే ఉత్ప్రేరక పరికరాలు వచ్చాయి. సాధారణ చిన్న జనరేటరులో అటువంటిది లేదు. ఒక్క జనరేటరు వందలాది కార్లు వెలువరించేటంత కార్బన్ మోనాక్సైడును వెలువరించగలదని అమెరికాలోని వినియోగవస్తువుల భద్రతాసంఘం చెబుతున్నది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో దానిని నడపాలన్నది ఆ సంఘం సలహా. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. చాలా చిన్న విహారపడవల మొత్తం పొడవే 25 నుంచి 35 అడుగులు. నేలమీద పాటించగల ఆ నియమానికి పడవమీద చోటే లేదు.

పావెల్ సరస్సు, 2000

అమెరికాలో అరిజోనా, యూటా రాష్ట్రాల నడుమ కొలరాడో నదిమీద కట్టిన ఆనకట్ట వెనుక పావెల్ సరస్సు ఉన్నది. అక్కడ ఇంటి పడవలలో విహరించడం ప్రసిద్ధం. 2000 ఆగస్టులో ఇద్దరు బాలురు, అన్నదమ్ములు, పడవ వెనుక భాగాన ఈతమెట్టు కింద ఉన్న ఖాళీలోకి ఈదుకుంటూ వెళ్లి మరణించారు. పడవలో బిగించిన జనరేటరు పొగ ఆ ఖాళీలోకే వెలువడుతున్నది. తరువాత పరిశోధకులు అటువంటి ఖాళీలలో గాలిని కొలిస్తే కార్బన్ మోనాక్సైడు 30,000 పీపీఎం దాకా ఉన్నది. ప్రాణానికి తక్షణ ప్రమాదంగా పరిగణించే పరిమితి 1,200 మాత్రమే.

ఈ మరణాల తరువాత ఆ సరస్సులో 1990 నుంచి జరిగిన ఘటనల పాత రికార్డులను తిరగవేశారు. పడవలకు సంబంధించిన కార్బన్ మోనాక్సైడు విషప్రభావాలు 111 బయటపడ్డాయి. వాటిలో 74 ఇంటి పడవలలో జరిగినవి, ఆ 74లో 64 కేవలం జనరేటరు పొగవల్ల కలిగినవి, ఏడుగురు మరణించారు. నీటిలో శవం కనిపిస్తే మునిగిపోయాడనుకోవడం సహజం. రక్తపరీక్ష చేయకపోతే అసలు కారణం నీటిలోనే కలిసిపోతుంది. ఒక మరణానికి సరైన పేరు పెట్టినప్పుడే తరువాతి మరణాన్ని ఆపడం సాధ్యమవుతుంది. 2001లో అమెరికా తీరరక్షక దళం ఆ నమూనా పడవలను వెనక్కు పిలిపించి సరిచేయించింది. పొగను నిలువుగొట్టం ద్వారా పైడెక్కుకన్నా ఎత్తున వదిలే పద్ధతి అప్పుడే ప్రచారంలోకి వచ్చింది.

విండర్‌మియర్, 2013

బిగించిన జనరేటరు కథ అది. చేతితో మోసే జనరేటరు కథ ఇంగ్లండులోని విండర్‌మియర్ సరస్సుమీద జరిగింది. 2013 ఏప్రిల్ 1, ఈస్టర్ సెలవుల సమయం, చలి. ఆర్నిస్టన్ అనే చిన్న మోటారు పడవ గదిలో నిద్రించిన తల్లి, ఆమె పదేళ్ల కుమార్తె ఇక లేవలేదు. ఆ పడవ ఇంజను గదిలో ఒక పోర్టబుల్ జనరేటరును అమర్చి ఉంచారు. ఆరుబయట వాడడానికి చేసిన యంత్రం అది. దాని పొగను బయటికి పంపడానికి ఒక గొట్టాన్నీ సైలెన్సరునూ సొంతంగా జోడించారు. ఆ అతుకు ఊడిపోయింది. పొగ ఇంజను గదిలో నిండి, గోడ సందులగుండా పడకగదిలోకి పాకింది. హెచ్చరించడానికి పనిచేసే పరికరం ఆ పడవలో లేదు.

ఈ ఘటనలో దుర్మార్గం ఎక్కడా లేదు. చలిలో కుటుంబానికి వెచ్చదనం కల్పించాలనే కోరిక, ఉన్న వస్తువుతో పని జరుపుకోవాలనే చాతుర్యం ఉన్నాయి. మన ఇళ్లలోనూ కనిపించే గుణాలే ఇవి. 2016లో ఇంగ్లండులోనే నార్‌ఫోక్ ప్రాంతంలో లంగరు వేసిన మరొక పడవలో పెట్రోలు ఇంజను నడుపుతుండగా ఇద్దరు మరణించారు. చివరకు 2019 ఏప్రిల్ నుంచి అక్కడి లోతట్టు జలమార్గాలలో నివాసపు గది ఉన్న పడవలకు కార్బన్ మోనాక్సైడు అలారం తప్పనిసరి చేశారు. గనిలోని కెనరీ పిట్టకు ఈ అలారమే వారసురాలు.

పెట్రోలు ఆవిరి

జనరేటరును నడపడం ఎంత ప్రమాదమో, దాచడమూ అంతే. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి లేచిపోక పడవ అడుగుకు జారి పేరుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే 1940లోనే అమెరికా చట్టం మోటారు పడవలలో ఇంజను, ఇంధనపు అరలకు గాలి ప్రసారం ఉండాలని శాసించింది. పోర్టబుల్ జనరేటరుకు ఆ రక్షణ ఉండదు. దాని ట్యాంకు మూతనుంచి ఆవిరి వెలువడుతుంది. దాని విద్యుత్ భాగాలను రవ్వలు బయటికి రాకుండా బిగించరు.

కనుక అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఇది. యంత్రాన్ని గదిలో, ఇంజను అరలో దాచరు. డెక్కుమీద, ఆవిరి బయటికే జారిపోయే మార్గమున్న అరలో, కదలకుండా నిలువుగా కట్టి ఉంచుతారు. దాచేముందు పెట్రోలు కొళాయి కట్టేసి, కార్బురేటరు ఖాళీ అయ్యేవరకు నడుపుతారు. నిలవ పెట్రోలు జిగురుగా మారి యంత్రాన్ని పాడుచేస్తుంది. ఇంధనం నింపేది పడవలో కాదు, ఒడ్డున, యంత్రం చల్లారిన తరువాత. నడపడం కూడా ఒడ్డునే, గాలివాలుకు పడవనుంచి పొగ దూరంగా పోయేటట్లు. పడవమీద తప్పనిసరి అయితే గదిలో ఎవరూ నిద్రించరు, నీటిలో ఎవరూ ఈదరు. సౌరఫలకాలు, మంచి బ్యాటరీలు అందుబాటులోకి వచ్చాక చాలామంది నావికులు జనరేటరునే వదిలిపెట్టారు.

ఓడవాంతులా, విషమా?

వైద్యుడిగా మీకు చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, వాంతి, మగత: కార్బన్ మోనాక్సైడు తొలి లక్షణాలు ఇవే. పడవ ఊగుడుకు కలిగే వాంతులూ, ఎండదెబ్బా, మద్యం మత్తూ ఇటువంటివే. అందుకే బాధితుడిని "కాసేపు లోపల పడుకో" అంటారు. అంటే విషం ఉన్న గదిలోకే పంపుతారు. ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటికి రాగానే తగ్గినా, ఈ వాయువును అనుమానించండి.

కోవిడ్ తరువాత ఎందరో ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉన్నది. దయచేసి దీనికి దానిని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు పట్టినదిగా అది పొరబడి, మరణించబోయే మనిషిలో కూడా 98 చూపగలదు. చేయవలసినవి వరుసగా: ముందు మీరు ఊపిరి బిగబట్టి తలుపులు తెరవండి, రోగిని ఆరుబయటికి తీసుకురండి, యంత్రాన్ని ఆపండి, అంబులెన్సును పిలవండి. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నూరుశాతం ప్రాణవాయువు ఇస్తే సుమారు గంటన్నరలో తగ్గుతుంది. అందువల్ల తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

మన తీరాన

బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు మనకు కొత్త కాదు. అది వెలువరించే వాయువూ ఇదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత రోజుల తరబడి కరెంటు లేక ఎన్ని ఇళ్లు, దుకాణాలు జనరేటర్లమీద నడిచాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. షట్టరు సగం దించిన దుకాణం, వరండా, మెట్లకింది ఖాళీ, కిటికీ పక్కన సందు: జనరేటరు పాలిట ఇవన్నీ పడవ గదులే. కిటికీ ఒకటి తెరిచి ఉంచాము కదా అన్న ధైర్యం పనికిరాదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మీ పిల్లలు సెలవులకు ఇంటి పడవ అద్దెకు తీసుకుంటే ఒక్క ప్రశ్న అడగమనండి: "జనరేటరు పొగ ఎక్కడికి పోతుంది?"

హాల్డేన్ తన ఒంటిమీద పరీక్షించి చెప్పిన సత్యం గనులనుంచి పడవలకు చేరడానికి నూరేళ్లకు పైగా పట్టింది. అది మీ ఇంటికి చేరడానికి మరో తుపాను రానక్కరలేదు. ఈ వారమే మీ జనరేటరు ఎక్కడ ఉన్నదో, దాని పొగ ఎటు పోతున్నదో ఒకసారి చూడండి. పడకగదులకు దగ్గరలో అలారం ఒకటి పెట్టండి. కంటికి కనిపించని శత్రువు విషయంలో మనిషికి ఉన్న ఆయుధం ముందుచూపు ఒక్కటే.