అడగందే అమ్మైనా పెట్టదా?

కొన్నేళ్ల క్రితం కొల్లేటి లంక గ్రామం నుండి నా పూర్వ విద్యార్థి ఒకడు ఏలూరులోని మా యింటికి వచ్చాడు. చేపల చెరువు గట్టు తగాదాలో అతనికి శిక్ష పడింది. "వకీలును పెట్టుకునే స్తోమతు లేక ఒక్కణ్ణే నిలబడ్డానండి మాస్టారూ" అన్నాడు. "ప్రభుత్వాన్ని అడగకపోయావా?" అన్నాను. "అడగవచ్చని తెలిస్తే గదండీ!" అన్నాడు. పదేళ్లు పాఠం చెప్పిన నేను ఆ ఒక్క మాట చెప్పలేదు గదా అని సిగ్గుపడ్డాను. నాటినుండి ఈ విషయమై నాకు చేతనైనంత చదివాను.

ఐరోపా వారికి స్ట్రాస్‌బర్గ్‌లోను, అమెరికా ఖండాలవారికి శాన్ హొసేలోను, ఆఫ్రికావారికి అరూషాలోను ప్రాంతీయ మానవహక్కుల న్యాయస్థానాలు ఉన్నాయి. తమ దేశపు కోర్టులో న్యాయమైన విచారణ జరుగలేదని చెప్పుకొనుటకు అవి తావులు. ఆసియాకు అటువంటి న్యాయస్థానం లేదు. మనకు కడపటి గడప సుప్రీంకోర్టే.

ఆ గడప తొక్కిన తొలివారిలో మన తెలుగువారే ఉన్నారు. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో, 1949లో, హైదరాబాదు రాజ్యపు ప్రత్యేక ట్రిబ్యునళ్లు పలువురికి ఉరిశిక్షలు విధించాయి. హైకోర్టు అప్పీళ్లను కొట్టివేసింది. ఇంగ్లండు నుండి డి.ఎన్. ప్రిట్ అను న్యాయవాది వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. విచారణలో తమకు న్యాయవాది లేడన్నది నిందితుల ఫిర్యాదులలో ఒకటి. 1951లో జనార్దనరెడ్డి కేసులో న్యాయస్థానం ఆ పిటిషన్లను త్రోసిపుచ్చింది. న్యాయవాదిని సమకూర్చుట ప్రభుత్వ బాధ్యత కాదు, కావాలని అడుగుట నిందితుని పని అన్నది ఆ తీర్పు సారాంశం. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతే అక్కడ ధర్మమై కూర్చున్నది. అయితే ఆ ఉరిశిక్షలు అమలు కాలేదు, తరువాత యావజ్జీవ శిక్షలుగా మారాయి.

ఆ సామెత వీగిపోవడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. 1976లో రాజ్యాంగంలో ఉచిత న్యాయసహాయపు 39-ఎ అధికరణం చేరింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో అది న్యాయమైన విచారణలో విడదీయరాని భాగమని తేలింది. 1986లో సుఖ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. హక్కు ఉన్నదని తెలియనివాడు ఎట్లా అడుగుతాడు? కాబట్టి నిందితుడు అడగకపోయినా, ఆ హక్కు ఉన్నదని న్యాయాధికారియే అతనికి తెలుపవలెను, అట్లు తెలుపని విచారణ చెల్లదు.

నా శిష్యుని ఒక్క వాక్యం ఆ తీర్పుకు భాష్యం వంటిది. కాని అతని విషయంలో తీర్పు ఉన్నది, తెలిపేవాడు లేడు.

చదువరులలో ఉపాధ్యాయులుంటే నాదొక మనవి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఇతర పేదలకు ఆదాయ పరిమితి ఉన్నది. తాడేపల్లిగూడెం వారైనా, లంకల వారైనా ముందుగా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చును. సంధులు, సమాసాలతో పాటు ఈ మాట కూడా పిల్లలకు చెప్పండి. నేను ఆలస్యంగా చెప్పాను.