గ్రహచిహ్నములు: వాని పుట్టుక, వాని యర్థము

సికింద్రాబాదు ప్రాంతమున గ్రహములను గుర్తించు సంప్రదాయములు రెండు చిరకాలము పక్కపక్కనే సాగినవి. ఒకటి పంచాంగకర్తలది, రెండవది ఐరోపా ఖగోళశాస్త్రజ్ఞులది. నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండయందు నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము నిజాము ప్రభుత్వాధీనమై, 1908లో సికింద్రాబాదు నానుకొనియున్న బేగంపేటకు మారెను. అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణమున దక్షిణక్రాంతి 17 మొదలు 23 అంశల వఱకు గల యాకాశభాగము మొదట దీని వంతునకు వచ్చెను. ఇట్లు రెండు సంప్రదాయములు కలిసిన చోట పాఠకునకును బోధకునకును సహజముగా నొక ప్రశ్న కలుగును: ఐరోపావారి గ్రహచిహ్నములకును మన నవగ్రహ మండలాకృతులకును మూల మొక్కటియేనా? రెండిటను వృత్తము, కోణము, ఆయుధాకారము కానవచ్చుటచే ఒక్కటియే యని తలచుటకు వీలున్నది. కాని ఆకృతిసామ్యము మూలైక్యమునకు సాక్ష్యము కాదు. చిహ్నము నెవరు, ఏ పనికై వ్రాసిరో విచారించిననే దాని పుట్టుక తెలియును.

మొదట మండలాకృతులు. నవగ్రహపీఠమున సూర్యునకు వర్తులము, చంద్రునకు చతురస్రము, అంగారకునకు త్రికోణము, బుధునకు బాణము, గురునకు దీర్ఘచతురస్రము, శుక్రునకు పంచకోణము, శనికి ధనుస్సు, రాహువునకు చేట, కేతువునకు ధ్వజము చెప్పబడినవి. పద్ధతులలో కొలది భేదము లున్నను తెలుగుదేశమున విశేషముగా వాడుకలోనున్న క్రమ మిది. ఈ యాకృతి యొంటరిగా నుండదు. దానితోపాటు దిక్కు, వర్ణము, ధాన్యము నియతములు. సూర్యుడు నడుమ, శుక్రుడు తూర్పున, అంగారకుడు దక్షిణమున, శని పడమట, గురుడు ఉత్తరమున నుందురు. సూర్యునకు గోధుమలు, అంగారకునకు కందులు, బుధునకు పెసలు, శనికి నువ్వులు, కేతువునకు ఉలవలు. కావున మండలము దేవతను ఆవాహనము చేయు పీఠమే కాని గణితమున వ్రాయు గుర్తు కాదు.

గణితమున వాడు గుర్తు వేఱు. రాశిచక్రమున తెలుగు జ్యోతిష్కుడు ర, చం, కు, బు, గు, శు, శ, రా, కే అని వ్రాయును. ఇవి పేళ్ల యాద్యక్షరములు. శుక్రునకును శనికిని ఆద్యక్షరము శకారమే యగుటచే ఒకనికి ఉకారమును నిలిపి, రెండవవానికి 'శ' మాత్రము విడిచిరి. రవికి 'ర', రాహువునకు దీర్ఘముతో 'రా'. అంగారకునకు పంచాంగమున వారము వ్రాయునపుడు 'మం' అనియు, చక్రమున 'కు' అనియు వ్రాయుదురు. ఇందు గూఢార్థ మేమియు లేదు. చిన్నగడిలో నాలుగైదు గ్రహములు కూడినపుడు చోటు చాలవలెను. ఒకటి వేఱొకటిగా పొరబడరాదు. ఈ రెండవసరములే యక్షరములను నిర్ణయించినవి.

ఐరోపా చిహ్నములలో కొన్ని యీ మార్గముననే పుట్టినవి. ఈజిప్టునందలి ఆక్సిరింకస్ అను ప్రాచీనపట్టణమున దొరికిన గ్రీకు జ్యోతిషపత్రములను అలెగ్జాండర్ జోన్స్ 1999లో ప్రకటించెను. అట్టి పత్రములలోను, తరువాతి బైజాంటైన్ వ్రాతప్రతులలోను నేటి చిహ్నముల పూర్వరూపములు కానవచ్చును. గ్రీకులు గురుగ్రహమును జ్యూస్ పేర పిలిచిరి. ఆ పేరిటి మొదటి యక్షరమగు 'జీటా'కు సంక్షేపసూచకమైన గీత చేర్చగా గురుచిహ్న మేర్పడెను. శని వారికి క్రోనస్. 'కప్పా', 'రో' యను రెండక్షరములకు అడ్డగీత చేర్చగా శనిచిహ్న మాయెను. దానిలో కొడవలిని చూచుట తరువాతివారి యూహ.

అన్నియు నక్షరములే యనుటయు తగదు. ప్రాచీన పత్రములలో చంద్రునకు నెలవంక, సూర్యునకు ఒక కిరణముతో గూడిన వృత్తము కలవు, ఇవి చిత్రములే. నడుమ చుక్క గల వృత్తము ఐరోపాలో పునరుజ్జీవనకాలమున వచ్చినది. కావున దానిని మన సూర్యమండలపు వర్తులముతో ముడివెట్టుట కుదరదు. బుధచిహ్నము పాములు చుట్టుకొనిన దండమునకు సంక్షిప్తరూపము.

అంగారక శుక్ర చిహ్నములను గూర్చి మాత్రము పండితులలో వివాదము కలదు. అవి డాలు-బల్లెములు, చేతి యద్దము అని స్కాలిజర్ (1540-1609) పక్షము. గ్రీకు నామాక్షరముల సంక్షేపములే యని సల్మేసియస్ (1588-1653) పక్షము: అంగారకునకు 'థూరోస్', శుక్రునకు 'ఫోస్ఫోరోస్'. వృక్షశాస్త్రజ్ఞుడగు విలియం స్టెర్న్ 1962లో రెండవదానినే సమర్థించెను. 12వ శతాబ్దికి చెందిన బైజాంటైన్ జ్యోతిష్కుడు కామతెరోస్ గ్రంథమందలి పటమున అంగారకునకు బల్లెము దాటిన డాలు కలదు. ఇది మొదటి పక్షమునకు బలము. కాని ఆ పటమునందే శుక్రచిహ్నమునకు క్రింది శిలువగీత లేదు. ఆ గీతలు 16వ శతాబ్ది ప్రాంతమున చేరినవి. పిడియే లేని వృత్తమును పిడిగల యద్దమని చెప్పుట కష్టము. ఈ రెండు చిహ్నములను పురుషస్త్రీ సూచకములుగా లిన్నేయస్ ప్రయోగించినది 1751లో. పాఠశాలలలో మూలార్థముగా బోధింపబడున ది నిజమునకు వానికి కడపట వచ్చిన యర్థము.

ఇక భారతదేశమునకు గ్రీకులనుండి వచ్చిన దేమి? వరాహమిహిరుడు 6వ శతాబ్దిలో రచించిన బృహజ్జాతకమున సూర్యునకు హేళి, అంగారకునకు ఆరుడు, శుక్రునకు ఆస్ఫుజిత్తు, శనికి కోణుడు అను పేళ్లు కలవు. ఇవి హేలియోస్, ఆరేస్, అఫ్రొడీటె, క్రోనస్ అను గ్రీకు పదముల రూపాంతరములు. గ్రహములనుబట్టి వారములను లెక్కించుటయు వ్యాపించినది, బుధగుప్తుని కాలపు ఏరణ్ శాసనము (క్రీ. శ. 484) గురువారమును పేర్కొనుచున్నది. పేళ్లు వచ్చినవి, వారక్రమము వచ్చినది, చిహ్నములు మాత్రము రాలేదు. పేరు నోటిమాటగా దేశములు దాటును. అక్షరసంక్షేపము ఆ లిపి నెఱిగినవారియొద్దనే నిలుచును. 'జీటా' నెఱుగనివానికి దానిపై గీత వ్యర్థము.

అర్థములును వేఱే యని లోహములు సాక్ష్యమిచ్చును. యాజ్ఞవల్క్యస్మృతి గ్రహశాంతి ప్రకరణమున ప్రతిమలకు సూర్యునకు రాగి, చంద్రునకు స్ఫటికము, అంగారకునకు రక్తచందనము, బుధగురులకు బంగారము, శుక్రునకు వెండి, శనికి ఇనుము, రాహువునకు సీసము, కేతువునకు కంచు విధించినది. ఐరోపా రసవాదులకు సూర్యుడు బంగారము, చంద్రుడు వెండి, బుధుడు పాదరసము, శుక్రుడు రాగి, అంగారకుడు ఇనుము, గురుడు తగరము, శని సీసము. ఏడుగురిలో ఒక్కనికైనను లోహము కలియలేదు. ఒకచోటి యర్థమును మఱొకచోటి యాకృతికి అంటగట్టరాదనుటకు ఇంతకన్న వేఱు నిదర్శన మక్కఱలేదు.

ఇటీవలి చరిత్రయు ఈ విచారమునకు తోడ్పడును. 1781లో హెర్షెల్ కనుగొనిన యురేనసునకు, ఆయన పేరిటి మొదటి యక్షరమును గోళముతో గూర్చి లాలాండ్ 1784లో చిహ్నమును సూచించెను. 1846లో కనబడిన నెప్ట్యూనునకు త్రిశూలము చిత్రముగానే వచ్చెను. 1930లో కనబడిన ప్లూటోకు 'పి', 'ఎల్' అను రెండక్షరముల కలయికయే చిహ్నము. 2006లో అది ప్రధానగ్రహముల వరుసనుండి తొలగింపబడెను. అంతర్జాతీయ ఖగోళసంఘపు లేఖననియమములు ప్రాచీన చిహ్నములను నిరుత్సాహపఱచి, ఒకటి రెండక్షరముల సంక్షేపములను సూచించుచున్నవి. తెలుగు పంచాంగము నడుచుచున్న మార్గమిదియే.

కావున గ్రహచిహ్నములను బోధించునపుడు మూడింటిని వేఱుపఱచుట యుక్తము: పూజకు మండలము, గణితమునకు అక్షరము, కథకు ఆయుధవాహనములు. అంగారకుని త్రికోణము బల్లెపుమొన యనియు, శుక్రుని పంచకోణము అద్దపు రూపాంతర మనియు చెప్పిన యెడల విద్యార్థికి మన శాస్త్రమును తెలియదు, గ్రీకుల చరిత్రయు తెలియదు. 'శు' అను నక్షరమును చూపి, అందు ఉకార మేల నిలిచెనో యడిగినచో, చిహ్నము పుట్టు విధము వానికి తన పలకమీదనే తెలియును.