ఉలవ గుగ్గిళ్ళును గరికమోపును
(దక్షిణదేశ అశ్వపోషణమును గూర్చి యొక విచారము)

తెలుగువానికి గుఱ్ఱపు దాణా యనగానే ఉలవలు స్ఫురించును. ఇరుగుపొరుగు దేశములలో స్థిరపడిన తెలుగువారు ఈ గింజను ఆయా భాషలలో కొళ్ళు, హురుళి, కుళీథు, కొళథ అని పిలుచుటకు అలవాటుపడినను, ఇంటిలో మాత్రము ఉలవ ఉలవయే. ఆంగ్లేయులు దీనికి గుఱ్ఱము పేరే తగిలించి 'హార్సుగ్రాము' అనిరి. ఉత్తరదేశమున 'గ్రాము' అన్న శనగ. చెన్నపట్టణపు సీమలో ఆ మాటకు అర్థము ఉలవయే. గుఱ్ఱమునకును ఈ గింజకును గల సంబంధ మంత పాతది. 'గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు' అను సామెతలో కూడ దాణాయే గుఱ్ఱమును పోషించువాని భారముగ చెప్పబడినది. గడ్డి ప్రసక్తి లేదు.

గడ్డిని ఇట్లు మఱచుటయే ఇచట విచారింపదగిన విషయము. గుఱ్ఱములకు కడుపులో పుండ్లు పడుట నేటి అశ్వవైద్యులు విశేషముగ పరిశోధించుచున్న వ్యాధి. అంతర్దర్శినితో జఠరమును చూచుట సాధ్యమైన పిదపనే దాని విస్తృతి తెలియవచ్చినది. శిక్షణలోనున్న పందెపు గుఱ్ఱములలో నూటికి తొంబదింటివఱకు ఈ పుండ్లు కానవచ్చినట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. వ్యాధికి పేరు క్రొత్తదే గాని, దానిని కలిగించు కారణము లేవియు క్రొత్తవి కావు. దక్షిణదేశపు అశ్వచరిత్రలో అవి యన్నియు వ్రాతపూర్వకముగనే నిలిచియున్నవి.

ముందుగ గుఱ్ఱపు కడుపు నిర్మాణమును తెలిసికొనవలెను. శరీర పరిమాణమునుబట్టి చూచిన దాని జఠరము చిన్నది. ఎనిమిది మొదలు పదునైదు లీటర్లకు మించి పట్టదు. మనుష్యునకు ఆహారము తీసికొనువేళ ఆమ్లము అధికముగ ఊరును. గుఱ్ఱమునకు మేసినను మేయకున్నను రేయింబవళ్ళు ఊరుచునేయుండును. ఆ ఆమ్లమును చల్లార్చునది లాలాజలము. అది నమలునప్పుడు మాత్రమే స్రవించును. కిలో ఎండుగడ్డిని నమలుటకు గుఱ్ఱమునకు ఇంచుమించు నలుబది నిమిషములు పట్టును. కిలో గింజలు పది నిమిషములలో ముగియును. జఠరపు పైభాగమునకు ఆమ్లమునుండి రక్షణ కల్పించు జిగురుపొర లేదు. గుఱ్ఱము ఖాళీకడుపుతో ఆరుగంటలు నిలిచినను, ఆ కడుపుతోనే పరుగెత్తినను, ఆమ్లము ఆ పైభాగమును తాకి దహించును. పిండిగింజలు ఎక్కువైనచో అవి కడుపులోనే పులిసి వేరు ఆమ్లములను పుట్టించి ఆ దాహమును ఇనుమడింపజేయును.

ఈ దృష్టితో ప్రాచీన గ్రంథములను చూడవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని ప్రకరణము కలదు. ఉత్తమాశ్వమునకు రెండు ద్రోణముల వరి, యవలు, కొఱ్ఱలవంటి ధాన్యము, నానబెట్టినదో ఉడికించినదో ఈయవలెననియు, పెసలు గాని మినుములు గాని వండిపెట్టవచ్చు ననియు, ప్రస్థము నూనె, అయిదు పలముల ఉప్పు, ఏబది పలముల మాంసము, పెరుగు, పాలు మున్నగునవి చేర్చవలెననియు అందు విధింపబడినది. రాజవైభవమునకు తగిన భోజన మనుటలో సందేహము లేదు. గుఱ్ఱపు కడుపునకు తగినదా యనునది వేరు ప్రశ్న. అయినను అందు పచ్చిగడ్డియు చెప్పబడుట గమనింపదగును. తరువాతికాలమున గడ్డి వెనుకబడి, వండిన వంటకమే ముందునకు వచ్చినట్లు తోచును.

13వ శతాబ్ది చివర పాండ్యదేశపు మాబారు తీరమును దర్శించిన మార్కోపోలో అచటి రాజులు ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుచుండిరనియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో నూఱు కూడ మిగులకుండెననియు వ్రాసెను. కారణము గుఱ్ఱములను పోషించు తెలివి లేకపోవుట యని అతని నిర్ణయము. మాంసముతో ఉడికించిన అన్నమును వానికి పెట్టుచుండిరని చెప్పెను. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకను విపులముగ వర్ణించెను. ఏటా పదివేల గుఱ్ఱములు దిగుచుండెనట. పచ్చి యవలకు బదులు వేచిన యవలను, నేతితో కలిపిన గింజలను పెట్టి, కాచిన ఆవుపాలు త్రాగించుచుండిరట. బలియుటకై నలుబది దినములు గుఱ్ఱమును త్రాళ్ళతో మేకులకు కట్టివేసి, పిదప శిక్షణ లేకయే ఎక్కి దౌడు తీయించుచుండిరట. స్వల్పకాలములోనే మేలిగుఱ్ఱములు మందగించి పనికిమాలినవగుచుండెనని అతని సాక్ష్యము.

ఈ ఇరువురును పరదేశీయులు. గుఱ్ఱములను అమ్ముదేశముల పక్షమువారు. వారి మాటలలో అతిశయోక్తి కొంత ఉండవచ్చును. ఉష్ణదేశపు జ్వరములు, ఈగలు, దీర్ఘ సముద్రయానము గూడ ఆ మరణములకు కారణములే. అయినను నలుబది దినముల బంధనము, నెయ్యిగింజలు, ఆపై హఠాత్తుగ దౌడు అను మూడింటిని కలిపి చెప్పినచో, జఠరవ్రణములు ఎట్లు కలుగునో వివరించు నేటి వైద్యగ్రంథపు పుట చదివినట్లుండును. ఆ గుఱ్ఱములలో అనేకము ఈ వ్యాధితోనే చిక్కిపోయెనని ఊహించుట సాహసము కాదు.

తెలుగుదేశము ఈ విషయమున మాబారుకంటె ఏమంత దూరముననుండలేదు. కాకతీయుల కొలువున సాహిణి బిరుదము వహించిన నాయకులు ప్రసిద్ధులు. గణపతిదేవుని సేనాని గంగయసాహిణి వారిలో నొకడు. విజయనగర కాలమునకు అశ్వము రాజ్యమునకు ప్రాణమైనది. ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు సైతము, తోక తెచ్చి చూపినచో, సాళువ నరసింహరాయలు వెల యిచ్చుచుండెనని న్యూనిజ్ వ్రాసెను. 16వ శతాబ్ది పూర్వార్ధమున రాయలు ఏటా పదుమూడువేల గుఱ్ఱములను కొనుచుండెననియు అతడే చెప్పెను. గుఱ్ఱపు వర్తకులను ఆదరించి, మంచివెల యిచ్చి, ఆ గుఱ్ఱములు శత్రువులకు చేరకుండ చూడవలెనని ఆముక్తమాల్యదలోని రాజనీతి బోధించుచున్నది. కొనుటయందు ఇంత శ్రద్ధ! కొన్న పిదప పెట్టిన మేత ఏమి? 1520 ప్రాంతమున వచ్చిన పేస్, ఈ దేశమున యవలకు బదులుగ పప్పుగింజలనే గుఱ్ఱములకు పెట్టుదురని వ్రాసెను. ఉలవల రాజ్యము ఇట్లు స్థిరపడినది.

అశ్వవిజ్ఞానము తెలుగువారికి లేదనుట పొరపాటు. 15వ శతాబ్దివాడైన మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును తెలుగున రచించెను. శాలిహోత్ర, నకులాదుల పేర వెలసిన సంస్కృత గ్రంథములు దక్షిణమున ప్రచారమందుండెను. నకులుని అశ్వశాస్త్రమును తంజావూరి సరస్వతీమహలు 1952లో వర్ణచిత్రములతో ప్రకటించినది. ఇట్టి శాస్త్రములలో సుడులు, వన్నెలు, శుభాశుభములు విశేషస్థానము నాక్రమించినవి. గుఱ్ఱమును కొనువానికి అవి కావలెను. దానిని ప్రతిదినము మేపువానికి కావలసిన విద్య గ్రంథములకెక్కక, గుఱ్ఱపుశాలలోనే నోటినుండి నోటికి సాగినది.

ఆ విద్యలో ఒక భాగము స్త్రీలది. కంపెనీ కాలమున ఒక్కొక్క గుఱ్ఱమునకు కాచువా డొకడు, గడ్డి తెచ్చువా రొకరు ఉండెడివారు. ఉత్తరదేశమున గడ్డి తెచ్చువాడు పురుషుడు. దక్షిణమున ఆ పని గుఱ్ఱపువాని భార్యది. ఆమె దోకుడుపార చేతబట్టి గట్లవెంట గరికను వేళ్ళతో చెక్కి, మన్ను దులిపి, మోపు కట్టి తెచ్చెడిది. మన్ను సరిగ దులుపకున్న ఇసుక ప్రేగులలో చేరి గుఱ్ఱమునకు కడుపునొప్పి వచ్చును. రౌతు పేరు పటాలపు దస్తరములలో నిలిచినది. ఈమె పేరు నిలువలేదు. కాని ఉలవ గుగ్గిళ్ళవలన కలుగగల చెఱుపును అడ్డినది ఆమె తెచ్చిన గరికమోపే. ఆ మోపు ముందున్నంతసేపు గుఱ్ఱము నమలుచుండును. నమలినంతసేపు లాలాజలము ఊరుచుండును. తెలుగువారు తరతరములుగ నివసించుచున్న హోసూరు ప్రాంతమున, మత్తిగిరియందు, 19వ శతాబ్ది తొలినాళ్ళలో కంపెనీవారు సేనకొఱకు గుఱ్ఱపు క్షేత్రమును నెలకొల్పిరి. అట్టి చోట విస్తారమైన పచ్చికబయలు లేనిదే పని సాగదు.

ఇక ప్రస్తుత ప్రశ్న: పుండ్లకు లోనగు గుఱ్ఱమునకు ఉలవలు తగునా? పూర్తిగ నిషేధింపవలసిన పని లేదు. ఉలవలలో నూటికి 22 పాళ్ళు మాంసకృత్తులు, 57 పాళ్ళు పిండిపదార్థములు కలవు. పచ్చి ఉలవలలో జీర్ణశక్తిని నిరోధించు ద్రవ్యములున్నవి. నానబెట్టి ఉడికించుటచే అవి తగ్గును. కనుక గుగ్గిళ్ళు చేయుట పూర్వుల అనుభవసిద్ధమైన తెలివియే. లోపము గింజలో లేదు, పెట్టు తీరులో నున్నది. ఉడికిన గింజను గుఱ్ఱము నమలక మ్రింగును. ప్రొద్దున నొకమాఱు, సాయంకాలము నొకమాఱు కుండెడేసి పెట్టి నడుమ వట్టిగూటమునకు కట్టివేసినచో కడుపు మండక మానదు.

పిండిపదార్థము ఒక పూటకు శరీరపు కిలోబరువునకు ఒక గ్రామును, దినమునకు రెండు గ్రాములను మించరాదని నేటి పరిశోధకుల నిర్ణయము. నాలుగువందల కిలోల గుఱ్ఱమునకు పూటకు నాలుగువందల గ్రాము లన్నమాట. అది ఏడువందల గ్రాముల యవలతోనే నిండును. మొక్కజొన్నయైనచో ఆఱువందల గ్రాములు కూడ అక్కఱలేదు. అదే గుఱ్ఱమునకు ఎండుమేత దినమునకు ఆఱు కిలోలకు తగ్గరాదు. అదియు ఒక్కమాఱు గాక రేయింబవళ్ళు విడతలుగ అందవలెను. వట్టి గడ్డిపరకలవంటి ఎండుకసవు ఒక్కటియే మేతయైనను పుండ్లు హెచ్చునని తేలినది. వరిగడ్డిపై ఆధారపడువారు ఇది గుర్తింపవలెను. తవుడునందు భాస్వరము మిక్కిలి, సున్నము స్వల్పము. కొంచెము నూనె చేర్చి బలము పెంచుట తవుడుకంటె మేలు.

ఈ వ్యాధికి విశేషముగ మెచ్చబడు మేత లూసర్ను. అందలి సున్నమును మాంసకృత్తులును ఆమ్లమును చల్లార్చును. తమిళులు దీనిని 'కుదిరై మసాల్' అందురు. మహారాష్ట్రులు 'లసూణ్ ఘాస్' అందురు. తమిళనాట నున్న తెలుగు రైతునకు ఇది క్రొత్త పైరు కాదు. పాడిపశువులకు కోసి వేయుచునేయున్నాడు. దీనినే పూర్తిమేతగ చేయక, గరికతోడనో ఎండుగడ్డితోడనో కలిపి పెట్టుట యుక్తము. సవారికి ముందు పిడికెడు లూసర్ను మేపినచో, పరుగులో ఎగసిపడు ఆమ్లమునకు అది అడ్డుగ నిలుచును. పుండు ముదిరినచో మేతమాత్రమున మానదు. జఠరపు క్రిందిభాగమున పడు పుండ్లు మేతకు అంతగ లొంగవు. దాణా వదలివేయుట, పట్టెడ బిగించునప్పుడు కోపగించుట, మాటిమాటికి కడుపునొప్పి, వెండ్రుకల నిగారింపు తగ్గుట కనబడినప్పుడు పశువైద్యునిచే పరీక్ష చేయించి ఓమెప్రజోలువంటి ఔషధము నిప్పింపవలెను. ఆ చికిత్స జరుగునప్పుడును మేత క్రమము మారరాదు: మొదట గరిక, కొంత తడవైన పిదప కొలతగ గుగ్గిళ్ళు, మరల గరిక, రాత్రి కడపటిమోపు తెల్లవారువఱకు మిగులునంత.