అసలు కదలదు, వడ్డీ చదివిస్తుంది

1643లో లండన్‌లో ఆన్ మౌల్సన్ అనే వితంతువు, అట్లాంటిక్ అవతల అప్పుడప్పుడే కాళ్లూనుకుంటున్న హార్వర్డ్ కాలేజీకి 100 పౌన్లు ఇచ్చింది. ఆమె భర్త ఒకప్పుడు లండన్ నగరానికి లార్డ్ మేయర్. చందాల కోసం వచ్చిన థామస్ వెల్డ్ అనే మతాచార్యుడికి ఆమె డబ్బు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు, పత్రం కూడా రాయించింది. ఈ సొమ్ము మీద ఏటా వచ్చే రాబడితో ఒక పేద విద్యార్థి చదవాలన్నది అందులోని షరతు. అమెరికాలో స్కాలర్‌షిప్ శాశ్వతనిధుల చరిత్ర ఆ పత్రంతోనే మొదలవుతుంది.

పత్రం గట్టిదే, కాపలాయే లేకపోయింది. తొలి వేతనం అందుకోవలసిన వెల్డ్ కొడుకు దొంగతనం చేసి పట్టుబడి కాలేజీకి దూరమయ్యాడు. సొమ్ము మసాచుసెట్స్ వలస ఖజానాలో చేరి సుమారు ఏడు దశాబ్దాలు అక్కడే ఉండిపోయింది. 1713లో కాలేజీకి తిరిగొచ్చాక మిగతా పద్దుల్లో కలిసిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆండ్రూ మెక్‌ఫార్లండ్ డేవిస్ అనే పరిశోధకుడు పాత లెక్కలు తవ్వి తీస్తేగానీ ఆమె పేరు మళ్లీ వెలుగులోకి రాలేదు. 1894లో అక్కడి మహిళా కాలేజీకి ఆమె పుట్టింటి పేరు పెట్టారు. అదే రాడ్‌క్లిఫ్.

మన ద్రాక్షారామం, సింహాచలం శాసనాలు చదివినవారికి ఈ ఏర్పాటు వింతగా అనిపించదు. తల్లిదండ్రుల పుణ్యం కోసం గుడిలో అఖండదీపానికి ఆవులనో గొర్రెలనో దానమిచ్చేవారు. మందను తీసుకున్నవాళ్లు గుడికి నెయ్యి కొలవాలి, మంద మాత్రం తరగకూడదు.

అమెరికాలో ఈ ఆలోచన తమదాకా రావడానికి కమ్యూనిటీ కాలేజీలు చాలాకాలం ఎదురుచూశాయి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో, హైస్కూలు చదువుకు పైన రెండేళ్లు కలిపి ఆరుగురు విద్యార్థులతో మొదటి కాలేజీ పెట్టారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన సంఘం, ఇంటి దగ్గర్లోనే తక్కువ ఖర్చుతో చదివే ఇలాంటి కాలేజీలు ఊరూరా కావాలని చెప్పింది. ప్రజల పన్నులతో నడిచే చదువు కాబట్టి దాతల గడప తొక్కే అలవాటు వీటికి చాలాకాలం లేదు. కాలిఫోర్నియాలో 1984 దాకా అసలు ఫీజే ఉండేది కాదు. ఇవాళ హార్వర్డ్ నిధి 5,000 కోట్ల డాలర్ల పైమాట. రైతుబిడ్డలూ, వలసవచ్చినవాళ్లూ, పిల్లల తల్లులూ చదివే ఈ వెయ్యికి పైగా కాలేజీల్లో చాలావాటి దగ్గర అందులో వెయ్యోవంతు కూడా లేదు. ఈ తేడాను సహజమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

ఆ లోటును కొంతైనా పూడ్చినవి స్మారక నిధులే. మనిషి పోయినప్పుడు పూలు పంపే బదులు కాలేజీ ఫౌండేషన్‌కు విరాళం ఇవ్వమని కుటుంబసభ్యులు కోరడం అక్కడ మామూలు. నర్సుగా పనిచేసి పోయిన తల్లి పేరున నర్సింగ్ విద్యార్థులకు, వెల్డర్ పేరున వెల్డింగ్ నేర్చుకునేవాళ్లకు నిధి పెడతారు. 20 వేల డాలర్ల నిధి నుంచి ఏటా 5 శాతం తీస్తే ఒక విద్యార్థికి వెయ్యి డాలర్లు అందుతాయి. పెద్ద యూనివర్సిటీలో అది లెక్కలోకి రాదు. ఏడాది ఫీజు సగటున 4,000 డాలర్ల దరిదాపుల్లో ఉండే కమ్యూనిటీ కాలేజీలో అది పుస్తకాలకో, కారు రిపేరుకో, పిల్లను చూసుకునే మనిషికో సరిపోతుంది. చాలామంది చదువు ఆగేది సరిగ్గా అలాంటి ఖర్చు దగ్గరే.

2008లో మార్కెట్లు కూలినప్పుడు ఈ నిధులకు అసలు పరీక్ష ఎదురైంది. 1972 నాటి నమూనా చట్టం ప్రకారం, నిధి విలువ దాత ఇచ్చిన మొత్తం కంటే తగ్గితే అసలులోంచి పైసా ముట్టుకోకూడదు. కొత్తగా పెట్టిన నిధులు చాలావరకు ఆ గీత కిందికి జారిపోయాయి. ఉద్యోగాలు పోయినవాళ్లు గుంపులుగా కాలేజీల్లో చేరుతున్న ఆ రోజుల్లోనే స్కాలర్‌షిప్‌లు ఆగే ప్రమాదం వచ్చిపడింది. 2006లో తయారైన కొత్త నమూనా చట్టం ఆ కట్టుబాటును సడలించి, వివేకంతో కొంత ఖర్చుపెట్టవచ్చని చెప్పింది. పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ క్రమంగా దాన్ని ఆమోదించాయి. అసలును కాపాడాలన్న పట్టుదల నాకూ గౌరవనీయమే. కానీ ఎవరి కోసం ఆ నిధి పెట్టారో ఆ విద్యార్థి చదువు మానుకుని పోతుంటే పెట్టెకు తాళం వేసి కూర్చోవడం దాత కోరిక కాదు.

షరతులూ అంతే. పూర్తికాలం చదివేవాళ్లకే ఇవ్వాలని రాస్తే, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల్లో సుమారు మూడింట రెండొంతులమంది మొదట్లోనే తప్పుకోవలసి వస్తుంది. వాళ్లు పగలు పనికి వెళ్లి సాయంత్రం చదివేవాళ్లు.

ఇంకో చిక్కుంది. బయటి స్కాలర్‌షిప్ వస్తే, కొన్ని కాలేజీలు అంతమేరకు తామిచ్చే సాయం తగ్గించుకుంటాయి. దాత డబ్బు విద్యార్థి చేతికి కాక కాలేజీ ఖాతాకు చేరినట్లవుతుంది. 2017లో మేరీలాండ్ తన ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతను అరికట్టే చట్టం తెచ్చిన తొలి రాష్ట్రమైంది. 2022లో కాలిఫోర్నియా, తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థుల కోసం అలాంటి చట్టమే చేసింది. ఆ రక్షణ లేనిచోట, అమ్మ పేరున నిధి పెట్టాలనుకునే కొడుకో కూతురో సంతకం చేసేముందు కాలేజీవాళ్లను తేల్చి అడగవలసిన మాట ఒకటుంది: మేమిచ్చే వెయ్యి ఆ విద్యార్థికి అదనంగా అందుతుందా, లేక మీరిచ్చేదాంట్లోంచి వెయ్యి తగ్గుతుందా?